చిక్కడపల్లి మిద్దెల మీద ఎండ

బాలలూ! కొత్త ఊరు చూడబోయినవాళ్లు గుళ్లూ గోపురాలూ, కోటలూ తోటలూ చూసి వస్తారు. మిద్దెలు చూసి వచ్చినవాళ్లు అరుదు. ఈ నెల మనం హైదరాబాదులో మూడు పేటలను, అంటే చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడలను, మిద్దెల వైపు నుంచి చూద్దాం. దీనికి కొండ ఎక్కనక్కరలేదు. చిక్కడపల్లి మెట్రో స్టేషను మెట్లు ఎక్కితే చాలు.

ఈ రైలుదారి జూబిలీ బస్ స్టేషను నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషను దాకా పోతుంది. 2020 ఫిబ్రవరి 7న దీన్ని ప్రారంభించారు. రోడ్డు నడుమ స్తంభాలు లేపి, వాటి మీద పట్టాలు వేశారు గనుక, పైన నిలబడితే రెండంతస్తుల మేడలు మన కాళ్ల కిందికి వస్తాయి. ఉదయం పదిగంటల వేళ చూడండి. నల్లటి నీళ్ల ట్యాంకులు, తీగల మీద ఆరేసిన బట్టలు, డబ్బాల్లో తులసి మొక్కలు, పాత చీర మీద ఎండే వడియాలు, కాలు విరిగిన కుర్చీలు, ఎవరూ వాడని డిష్ యాంటెన్నాలు. వాటి మధ్య అక్కడక్కడా, దక్షిణానికి వాలి, నీలంగానో నల్లగానో మెరిసే పలకలు. ఎండను కరెంటుగా మార్చే సౌరఫలకాలు అవే.

ఇంతలో రైలు వస్తుంది. అది ఆగేటప్పుడు జరిగే ఒక తమాషా మీకు చెప్పాలి. మీ తాతగారి సైకిలుకు డైనమో ఉండేది. చక్రం తిరిగితే దీపం వెలిగేది. దీపం వెలిగినంతసేపూ తొక్కడం కొంచెం బరువయ్యేది. మెట్రో రైలులోనూ అదే కిటుకు. ఆపవలసి వచ్చినప్పుడు దాని మోటారే డైనమోగా మారి, బండి వేగాన్ని కరెంటు చేసి తీగలోకి తిరిగి పంపుతుంది. ఆ కరెంటును దగ్గరలో బయలుదేరుతున్న ఇంకొక రైలు వాడుకుంటుంది. పాత పద్ధతి బ్రేకుల్లో ఆ శక్తి అంతా వేడిగా మారి గాలిలో కలిసిపోయేది. ఈ ఉపాయం వల్ల నష్టపోయినవాడంటూ ఎవడూ లేడు. అయితే కొత్త ఉపాయాలన్నీ ఇంత అమాయకంగా ఉండవు.

ఒక యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పడం సులువు. అది వచ్చాక ఎవరి బతుకు ఎటు మారుతుందో చెప్పడం కష్టం. మొదటిది సైన్సు పుస్తకంలో ఉంటుంది. రెండోది కావాలంటే వీధులు తిరగాలి. మెట్లు దిగుదాం రండి.

చిక్కడపల్లి సందుల్లో పాతకాలపు సొంత ఇళ్లు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. ముందు అరుగు, పక్కన ఒక వేపచెట్టు, పైన విశాలమైన మిద్దె. అలాంటి ఇంటి యజమాని మూడు కిలోవాట్ల పలకలు పెట్టించాడనుకోండి. పలకలో ఉన్నది సిలికాన్. ఇసుకలో దొరికే ఈ పదార్థాన్ని శుద్ధిచేసి, పలచని బిళ్లలుగా కోసి, వరసగా పేరుస్తారు. వెలుతురు తగిలితే ఆ బిళ్లల్లోని ఎలెక్ట్రానులు కదులుతాయి. ఆ కదలికే కరెంటు. ఇందులో తిరిగే చక్రం లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. మన హైదరాబాదు ఎండకు ఒక కిలోవాటు పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. వాటికి వంద చదరపు అడుగుల దాకా నీడ పడని జాగా కావాలి.

ఇక పలక, బలపం తీయండి. మూడు కిలోవాట్లు రోజుకు పన్నెండు యూనిట్లు, నెలకు 360. ఆ ఇంట్లో నెలకు 400 యూనిట్లు ఖర్చవుతాయనుకుందాం. 2022లో నిర్ణయించిన రేట్ల ప్రకారం, 200 దాటి వాడే ఇంటికి మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల చొప్పున, తరవాతి నూరింటికి 7 రూపాయల 70 పైసల చొప్పున, ఆపై నూరింటికి 9 రూపాయల చొప్పున లెక్క కడతారు. మొత్తం 2,690 రూపాయలు. ఇప్పుడు పలకలు ఇచ్చిన 360 తీసివేయండి. మిగిలినవి 40 యూనిట్లు. యాభై లోపు వాడేవారికి యూనిటు 1 రూపాయి 95 పైసలే. అంటే 78 రూపాయలు! కట్టక తప్పని స్థిర ఛార్జీలు వేరే ఉంటాయనుకోండి, అయినా ఎంత తేడా! పలకలు పెట్టించడానికి రెండు లక్షల దాకా అయినా, 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయలు కేంద్రప్రభుత్వమే ఇస్తుంది.

యజమానికి లాభమే. బొగ్గు కాలలేదు గనుక గాలికీ లాభమే. మరి నష్టం ఎవరికి?

పూర్వం పల్లెలో ఊరుమ్మడి బావి ఉండేది. గిలక అరిగితే, మోకు తెగితే, ఊళ్లో ఉన్నవాళ్లు ఎక్కువా లేనివాళ్లు తక్కువా వేసుకొని బాగుచేయించేవారు. కొన్నాళ్లకు ఉన్నవాళ్లు తమ పెరళ్లలో సొంత బావులు తవ్వించుకున్నారు. తప్పేమీ లేదు. కాని ఉమ్మడి బావి మోకు తెగినప్పుడు చందా అడిగితే, "మాకెందుకు?" అన్నారు. ఎండాకాలం పెరటి బావి ఎండిపోగానే మళ్లీ బిందె పట్టుకొని ఉమ్మడి బావికే వచ్చారు.

కరెంటు తీగ కూడా ఉమ్మడి బావి మోకు వంటిదే. ఎక్కువ వాడేవాళ్ల దగ్గర ఎక్కువ రేటు తీసుకొని, ఆ సొమ్ముతో తక్కువ వాడేవాళ్లకు చౌకగా ఇవ్వడం మన బిల్లుల్లో ఉన్న ఏర్పాటు. ఎక్కువ రేటు కట్టే ఇళ్లన్నీ ఒక్కొక్కటే పలకలు పెట్టుకొని 78 రూపాయల బిల్లుకు దిగితే, స్తంభాలకూ ట్రాన్స్‌ఫార్మర్లకూ లైన్‌మెన్ జీతాలకూ డబ్బు ఎక్కడి నుంచి రావాలి? సూర్యుడు అస్తమించాక ఆ మిద్దె ఇంటికి కూడా కరెంటు ఆ తీగ మీదే వస్తుంది. పలకలు వద్దని నేను అనడం లేదు. మోకు సంగతి ముందే మాట్లాడుకోవాలంటున్నాను. మాట్లాడుకోకపోతే ఆ ఖర్చు మిద్దె లేనివాడి నెత్తిన పడుతుంది.

మిద్దె లేనివాళ్లు ఎవరో చూడాలంటే పెద్దరోడ్డు విడిచి త్యాగరాయ గానసభ ఉన్న వైపు, నగర కేంద్ర గ్రంథాలయం వైపు నడవాలి. సాయంత్రం గానసభలో పాటకచేరీనో నాటకమో సన్మానమో జరుగుతూ ఉంటుంది. గ్రంథాలయంలో మాత్రం రోజంతా ఒకటే దృశ్యం. గేటు తెరవకముందే సంచులు వరసలో ఉంటాయి. లోపల, వరండాల్లో, చెట్ల కింద, ఎక్కడ చూసినా పుస్తకం మీద వంచిన తలలే. వీళ్లు ఆదిలాబాదు నుంచీ ఖమ్మం నుంచీ మహబూబ్‌నగర్ నుంచీ వచ్చి, గ్రూప్-1, గ్రూప్-2 వంటి సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకునే యువతీ యువకులు. మీ అన్నలో అక్కలో ఇక్కడ ఉన్నా ఆశ్చర్యం లేదు.

గ్రంథాలయం నుంచి అశోక్ నగర్‌లోకి పోతే వీధికి రెండు వైపులా కోచింగు సెంటర్ల బోర్డులు, జిరాక్సు దుకాణాలు, టిఫిను బండ్లు, హాస్టళ్లు. ఒక్కొక్క గదిలో ముగ్గురూ నలుగురూ ఉంటారు. నేను లెక్కపెట్టిన ఒక మేడలో నాలుగంతస్తులు, పదహారు గదులు, దరిదాపు యాభైమంది మనుషులు ఉన్నారు. పైన మిద్దె ఒకటే. ఆ మిద్దె మీద పట్టే పలకలు, ట్యాంకులూ మెట్లగదీ పోను, అయిదు కిలోవాట్లకు మించవు. మనిషికి పంచితే రోజుకు అర యూనిటు కూడా రాదు. పల్లెటూళ్లో ఇంటికొక కప్పు. పట్నంలో కప్పుకు యాభైమంది. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో 2025లో నాలుగు వందలకు పైగా ఇళ్ల మీద మూడేసి కిలోవాట్ల పలకలు బిగించారు. ఆ లెక్కను ఉన్నదున్నట్టు తెచ్చి అశోక్ నగర్‌కు వేయడానికి వీలులేదన్నమాట.

అద్దె గదుల్లో ఇంకొక చిక్కు ఉంది. చాలాచోట్ల గదికొక చిన్న మీటరు పెట్టి, యూనిటుకు ఇంత అని ఇంటివారే వసూలు చేస్తారు. మిద్దె మీద పలకలు వచ్చాయనుకోండి, ఇంటివారి బిల్లు తగ్గుతుంది. గదిలోని చిన్న మీటరు రేటు మాత్రం తగ్గదు. పోనీ, కిరాయిదారు తానే పలక పెట్టుకుంటాడా? ఇంటివారు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా, పరీక్ష అయి ఊరికి పోయేనాడు పాతికేళ్లు పనిచేసే పలకను నెత్తిన పెట్టుకొని పోలేడు గదా! 2024 మార్చి నుంచి తెలంగాణలో తెల్ల రేషను కార్డు ఉన్న కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. అద్దె ఇంట్లో ఉన్నా అది వర్తిస్తుంది. మరి ఈ కుర్రవాళ్ల కార్డులో? అవి ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఉన్నాయి. ఇలా ఒకే మేడలో ఒకరికి ఎండ వల్ల బిల్లు లేదు, ఒకరికి కార్డు వల్ల బిల్లు లేదు, పరీక్షకు చదివే పిల్లవాడు మాత్రం పూర్తిగా కడతాడు.

ఇది విడిపోని ముడి కాదు. జర్మనీ దేశంలో 2017లో ఒక చట్టం చేసి, మేడ మీద తయారైన సౌరవిద్యుత్తును ఆ మేడలోనే అద్దెకున్నవాళ్లకు చౌకగా అమ్మే యజమానికి ప్రోత్సాహం ఇచ్చారు. ఢిల్లీలో 2019లో నియమాలు రాసి, ఒకచోట పలకలు పెట్టి ఆ యూనిట్లను చాలామంది బిల్లుల్లో పంచుకునే వీలు కల్పించారు. మన సూర్యఘర్ పథకంలోనూ ఒక మంచి మాట ఉంది. అపార్టుమెంట్ల సంఘాలు లిఫ్టు, నీళ్ల మోటారు వంటి ఉమ్మడి అవసరాలకు పలకలు పెట్టుకుంటే కిలోవాటుకు 18,000 రూపాయలు ఇస్తారు. నన్నడిగితే చిక్కడపల్లి వంటి పేటకు ఇదే తగిన దారి. నీళ్ల మోటారుకు కిరాయిదారూ సొంతదారూ అనే భేదం తెలియదు. పైకి వచ్చిన నీళ్లు అందరి కుళాయిల్లోనూ పడతాయి.

ఈ సందు మలుపులోనే ఒక ఇస్త్రీ బండి ఉంది. కానుగచెట్టు నీడలో నాలుగు చక్రాల బల్ల, దాని మీద మడత దుప్పటి, ఒక పక్క బొగ్గుల మూట. ఇత్తడి ఇస్త్రీపెట్టె మూత తెరిచి, కణకణలాడే బొగ్గులు వేసి, విసనకర్రతో విసురుతూ ఉంటాడాయన. నిప్పురవ్వలు లేస్తాయి, బూడిద కళ్లలో పడుతుంది. హాస్టలు పిల్లల చొక్కాలన్నీ ఈయన చేతి మీదుగా పోవలసినవే.

ఇలాంటి బండినే చూసి, తమిళనాడులోని తిరువణ్ణామలైలో వినీశా ఉమాశంకర్ అనే బాలిక ఒక ఆలోచన చేసింది. ఇస్త్రీ చేసేవారు కాలిన బొగ్గులను రోడ్డు పక్కన ఆరబోయడం గమనించి, బండి కప్పు మీద సౌరఫలకం, కింద బ్యాటరీ అమర్చి, ఎండతో నడిచే ఇస్త్రీబండిని రూపొందించింది. ఆమె అప్పటికి మీలాగే బడికి పోయే పిల్ల. 2020లో స్వీడన్ దేశపు బాలల వాతావరణ బహుమతి ఆమెకు దక్కింది. 2021 నవంబరులో స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో ప్రపంచ దేశాల వాతావరణ మహాసభ జరిగినప్పుడు, దేశాధినేతలు కూడిన ఆ చోట ఆమె మాట్లాడింది.

చిక్కడపల్లి బండాయనతో నేను ఈ సంగతి చెప్పి, కరెంటు పెట్టె కొనుక్కోరాదా అని అడిగాను. ఆయన చెట్టును చూపించి, "చెట్టుకు ప్లగ్గు ఉంటదా సారూ?" అన్నాడు.

ఆ మాటలో పెద్ద లెక్క ఉంది. 2021లో తెలంగాణ ప్రభుత్వం లాండ్రీలకూ దోబీఘాట్లకూ క్షౌరశాలలకూ నెలకు 250 యూనిట్లు ఉచితమని ప్రకటించింది. మంచి పనే. కాని ఉచిత కరెంటు రావాలంటే మీటరు ఉండాలి. మీటరు ఉండాలంటే గోడ ఉండాలి. చెట్టు కింద బండికి గోడ లేదు. అలాగని సొంతంగా పలక పెట్టుకుంటే? లెక్క వేద్దాం. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె వేడెక్కుతూ ఆగుతూ సగంసేపు కరెంటు లాగుతుందనుకొంటే, రోజుకు ఎనిమిది గంటల పనికి నాలుగు యూనిట్లు కావాలి. బండి కప్పు మీద పట్టేది ఒక్క పలక. అది గట్టిగా ఎండ కాసిన రోజున ఒకటిన్నర, రెండు యూనిట్లు ఇస్తుంది. పైగా పలకకు ఎండ కావాలి, మనిషికి నీడ కావాలి. బండిని ఎండలో పెడితే మేలో ఈ మనిషి ఏం కావాలి? కాబట్టి సగం కరెంటు బండి మీద తయారైనా, మిగతా సగం ఎదుటి మిద్దె నుంచి రావలసిందే. పగటివేళ ఆ మిద్దె మీద కరెంటు మిగులుతూనే ఉంటుంది. దాన్ని గోడ దాటించి బండికి ఇచ్చేందుకు సరైన దారి ఇంకా మన వీధిలో లేదు. తీగ కొనడం రెండు నిమిషాల పని. దానికి అనుమతి, లెక్క, నమ్మకం కుదరడమే ఆలస్యం.

అశోక్ నగర్ దాటి పడమటికి పోతే ఇందిరా పార్కు. ఇక్కడి నుంచే వీఎస్టీ కూడలి దాకా ఉక్కు వంతెన వేశారు. 2023 ఆగస్టు 19న దాన్ని తెరిచారు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అది మెట్రో పట్టాల పైనుంచి దాటుతుంది! సినిమాకు వచ్చినవాళ్లు హాలు బోర్డు చూడడం మాని తలలెత్తి దాన్నే చూస్తారు. మనం దాన్ని అలా వదిలి, పార్కు అవతల ఉన్న హుస్సేన్ సాగర్ దాకా వెళ్దాం. ఆ చెరువు ఒడ్డున 1920 నుంచి 1980ల దాకా ఒక విద్యుత్ కేంద్రం ఉండేది. సింగరేణి బొగ్గు రైళ్లలో వచ్చేది, ఇక్కడ కాలేది, చెరువు నీటితో ఆవిరి చల్లబడేది. ఆ కరెంటుతో నగరంలో దీపాలు వెలిగేవి. దీపం చూసేవాడికి పొగా కనిపించేది. ఇప్పుడు అక్కడ ఆ కేంద్రం లేదు.

పొగ మాయమైందా? లేదు, దూరం పోయింది. 1983లో రామగుండంలో పెద్ద విద్యుత్ కేంద్రం పని మొదలుపెట్టింది. చిక్కడపల్లిలో మీట నొక్కితే బల్బు ఇక్కడ వెలుగుతుంది, బూడిద అక్కడ పడుతుంది. దీపం మన ఇంట, మసి పక్క ఊళ్లో. ఇన్నేళ్లూ మనం ఈ సంగతి పట్టించుకోకుండా హాయిగా పుస్తకాలు చదువుకొన్నాం.

రామగుండం జలాశయం నీళ్ల మీద తేలే సౌరఫలకాలు పెట్టారు. 100 మెగావాట్లు, సుమారు 500 ఎకరాల నీళ్ల మీద! 2022 జులై 1 నుంచి అది పూర్తిగా పనిచేస్తున్నది. పలకల నీడ వల్ల నీళ్లు ఆవిరైపోవడం తగ్గుతుంది, నీళ్ల చల్లదనం వల్ల పలకలు బాగా పనిచేస్తాయి. వినడానికి ఎంతో బాగుంది. కాని సింగరేణి గనుల్లో దాదాపు నలభై వేలమంది పనిచేస్తున్నారు. ఆ కొలువుల మీద బతికే ఊళ్లున్నాయి, వాళ్ల పిల్లల బళ్లున్నాయి, దసరా ముందు కంపెనీ పంచే లాభాల వాటా కోసం ఎదురుచూసే బట్టల దుకాణాలున్నాయి. పలకలు కడగడానికి, తీగలు చూడడానికి ఆ సంఖ్యలో మనుషులు అక్కరలేదు. సింగరేణి సంస్థ తానే సౌర విద్యుత్ కేంద్రాలు కడుతున్నది. అయినా గనిలో దిగే నలభై ఏళ్ల మనిషికి రేపు ఏ పని ఇస్తారన్నది ఇప్పుడే తేల్చవలసిన ప్రశ్న. గని మూసిన మర్నాడు తేల్చేది కాదు.

మళ్లీ పెద్దరోడ్డు మీదికి వచ్చి దక్షిణంగా నడిస్తే నారాయణగూడ. ఫ్లైఓవరు, వై.ఎం.సి.ఏ., కూరగాయల మార్కెట్టు, ఎడతెగని ఆటోలు. ఆటోల్లో కొన్ని ఇప్పుడు చప్పుడు లేకుండా పోతున్నాయి. అవి బ్యాటరీతో నడిచేవి. తెలంగాణలో 2026 డిసెంబరు 31 దాకా కరెంటు బండ్లకు రోడ్డు పన్నూ రిజిస్ట్రేషను రుసుమూ లేకుండా 2024 నవంబరులో ఉత్తర్వు ఇచ్చారు. కారున్నవాడు రాత్రి తన గరాజులో ప్లగ్గు పెట్టి నిద్రపోతాడు. బస్తీలో ఒంటిగదిలో ఉండి ఆటోను వీధిలో నిలిపేవాడికి మళ్లీ అదే ఇస్త్రీ ఆయన ప్రశ్న.

నారాయణగూడ పాత ఇళ్లలో కొన్నింటికి వంటింటి కప్పు మీద పొగగొట్టం ఇప్పటికీ నిలిచి ఉంది. దాన్ని చూడగానే నాకు గుర్తొచ్చే కథ ఒకటి ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఇదే హైదరాబాదులో ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్.పి. రాజు అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. అంత పెద్ద ఇంజనీరు మట్టిపొయ్యి మీద పరిశోధన చేశాడు! కట్టెలపొయ్యి ముందు ఊదుతూ దగ్గుతూ కూర్చునే ఆడవాళ్ల సంగతి ఆలోచించి, మట్టితోనే, తక్కువ ఖర్చులో, ఒకే మంట మీద రెండు మూడు గిన్నెలు పెట్టుకొనేలా, పొగ గొట్టంలోంచి బయటికి పోయేలా ఒక పొయ్యి రూపొందించాడు. లక్షలాది ప్రజలకు పొగలేని వంటిళ్లు అనే అర్థం వచ్చే పేరుతో 1953లో ఒక పుస్తకం ప్రచురించాడు. పొయ్యి ఇంట్లోనే ఉంది, వంట చేసే వేళ మారలేదు, గిన్నెలు మారలేదు. పొగ మాత్రం పోయింది.

దరిదాపు అదే కాలంలో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఎండతో వంట చేసే పరికరం తయారుచేశారు. గిన్నె వంటి పెద్ద అద్దం ఎండను ఒకచోటికి చేర్చి వంటపాత్రను వేడిచేస్తుంది. కట్టె అక్కరలేదు, బొగ్గు అక్కరలేదు. శాస్త్రం దృష్టితో చూస్తే మట్టిపొయ్యి కంటే ఇది ఎంతో గొప్పది. అయినా అమ్ముడుపోలేదు. ఎందుకంటే ధర ఎక్కువ. సూర్యుడు జరిగినకొద్దీ అద్దాన్ని జరుపుతుండాలి. నడినెత్తిన ఎండ కాసేటప్పుడు ఆరుబయట నిలబడి వండాలి. పొద్దున బడికి పోయే పిల్లవాడికి అన్నం ఎప్పుడు వండాలి? పొద్దుగూకి ఇంటికి వచ్చినవారికి ఏం పెట్టాలి? అద్దం చేసినవారు ఎండను బాగా కొలిచారు, వంట చేసే అమ్మను అడిగినట్టు లేదు. రాజుగారి పొయ్యికీ తరవాత కష్టాలు వచ్చాయి. ఆ కోవకు చెందిన పొయ్యిలను 1980ల నుంచి ప్రభుత్వం దేశమంతటా పంచింది. గొట్టంలో మసి తీసేవాళ్లు లేక, పెద్ద గిన్నె పట్టక, ఎన్నో ఇళ్లలో అవి మూలపడ్డాయి. పొయ్యి ఇచ్చినవారు మళ్లీ వచ్చి ఎలా ఉందని అడిగితే కొన్నైనా నిలిచేవేమో.

ఇక మీరు చేయవలసిన పని ఒకటుంది. పెద్దవాళ్ల అనుమతి తీసుకొని, ఒక సెలవురోజున మీ మిద్దె ఎక్కండి. పిట్టగోడ దగ్గరికి పోవద్దు. సుద్దముక్కతో ఉదయం తొమ్మిదికీ మధ్యాహ్నం పన్నెండుకూ మూడుకూ నీడలు ఎక్కడెక్కడ పడుతున్నాయో గీతలు గీయండి. డిసెంబరు 21 దరిదాపుల్లో చేస్తే మరీ మంచిది, అప్పుడు సూర్యుడు దక్షిణాన బాగా కిందికి ఉంటాడు. హైదరాబాదులో ఆ మధ్యాహ్నం పది అడుగుల మెట్లగది నీడ ఎనిమిదిన్నర అడుగుల దాకా ఉత్తరానికి సాగుతుంది. మే 9 ప్రాంతంలో అయితే పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు ఆ నీడ కనిపించనే కనిపించదు, సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. మీకు దక్షిణంగా అయిదంతస్తుల మేడ లేచి ఉంటే దాని నీడనూ గీయండి. ఏ గీతా పడని జాగా ఎన్ని చదరపు అడుగులో కొలిచి, నూరుతో భాగిస్తే, మీ మిద్దె మీద ఎన్ని కిలోవాట్లు పడతాయో వస్తుంది. పక్కపేజీలో, ఆ మిద్దె కింద ఎన్ని కుటుంబాలున్నాయో, వారిలో సొంతదారులెందరో కిరాయిదారులెందరో, వడియాలు ఎవరు ఎండబెడతారో, బట్టలు ఎవరు ఆరేస్తారో రాయండి. మిద్దె తలుపుకు తాళం ఉంటే, చెవి ఎవరి దగ్గర ఉందో కూడా రాయండి.